కారుకు మెరుగు పెట్టే యంత్రం: తొలిసారి కొనేవారి కోసం



ఈ పాఠానికి కావలసిన మొదటి పరికరం మీ వంటింట్లోనే ఉంది. రోజూ పీచుతో తోమే స్టీలు పళ్లెం ఒకటి తీసుకోండి. గదిలో లైట్లు ఆర్పి, ఒక్క టార్చి వెలుగు మాత్రం దాని మీద పడేటట్లు పట్టుకోండి. టార్చి ప్రతిబింబం చుట్టూ సన్నని గీతలు సాలెగూడులాగా, వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. ఇప్పుడు పళ్లాన్ని మెల్లగా పక్కకు జరపండి. వలయాలు పళ్లెంతో పాటు జరగవు. వెలుగు ప్రతిబింబం ఎక్కడుంటే అక్కడే ఉంటాయి. గుండ్రంగా తోమారు కాబట్టి గుండ్రని గీతలు పడ్డాయని మీరు అనుకొని ఉంటే, మరి వలయాల కేంద్రం ఎలా కదులుతోంది?

నిజానికి పళ్లెం మీద గీతలు అన్ని దిక్కులకూ ఉన్నాయి. అయితే కాంతి వచ్చే దిశకు అడ్డంగా ఉన్న గీతలే వెలుగును మన కంటివైపు పంపగలవు. మిగిలినవి మరో దిక్కుకు పంపుతాయి కాబట్టి అవి మనకు కనబడవు. ప్రతిబింబం చుట్టూ ఉన్న అడ్డగీతలన్నీ కలిసి మన కంటికి వలయాలుగా తోస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన నల్ల కారు బానెట్ మీద సూర్యుని చుట్టూ కనిపించే సాలెగూడు కూడా సరిగ్గా ఇదే. ఆ గూడును పోగొట్టడానికే ఇవాళ చాలామంది యువకులు పాలిషింగ్ యంత్రం కొనాలనుకుంటున్నారు. కొందరికి ఇంట్లో ఉన్న పాత కారు మీద మమకారం. మరికొందరికి సెలవుల్లో వీధిలోని నాలుగు కార్లకు మెరుగు పెట్టి చేతిఖర్చు సంపాదించుకుందామని ఆశ. రెండూ మంచివే. కానీ చేతిలో డబ్బు తక్కువ, అనుభవం అసలే లేదు. అటువంటివారు ఏ యంత్రం కొనాలి? ఇది బజారు ప్రశ్నలాగా కనిపించే భౌతికశాస్త్ర ప్రశ్న.

ముందుగా ఈ గీతలు ఎవరు పెట్టారో చూద్దాం. చాలావరకు కారు తుడిచేవారే. హైదరాబాదు చుట్టూ ఉన్న నేల గ్రానైటు నేల. గ్రానైటు శిథిలమై వచ్చిన దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. మోస్ కొలబద్ద మీద క్వార్ట్జ్ కాఠిన్యం 7. మామూలు గాజుది 5.5 ప్రాంతం. కారు పైరంగు ప్లాస్టిక్ జాతికి చెందినది, ఆ రెండింటికంటే బాగా మెత్తన. పొద్దున్నే పొడిగుడ్డతో కారును తళతళలాడించేవారు క్వార్ట్జ్‌తో రంగును రుద్దుతున్నారన్నమాట. నీళ్లు ధారగా పోసి దుమ్ము పోయిన తరువాతే గుడ్డ తగలాలి. ఈ అలవాటు మారకపోతే ఎంత మంచి యంత్రం కొన్నా నెల తిరక్కుండా సాలెగూడు మళ్లీ అల్లుకుంటుంది.

ఇక కారు రంగు. దీన్ని మనం ఒకే పూత అనుకుంటాం, కాని అది నాలుగు పొరల కట్టు. అడుగున ఉక్కు రేకు. దాని మీద తుప్పు పట్టకుండా విద్యుత్ పద్ధతిలో పూసిన పొర, సుమారు 20 మైక్రాన్లు. ఆ పైన ప్రైమర్, 30 నుంచి 40 మైక్రాన్లు. తరువాత మన కంటికి కనిపించే అసలు రంగు, బేస్ కోట్, 15 నుంచి 20 మైక్రాన్లు. అన్నిటికంటే పైన రంగు లేని పారదర్శకమైన పొర, క్లియర్ కోట్, 40 నుంచి 50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మీరు జిరాక్సు తీయించుకునే కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు ఉంటుంది. అంటే మన కారు మెరుపంతా అరకాగితం మందంలో ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకొని కింది రంగు వెలిసిపోకుండా చూసే పదార్థాలు కూడా ఆ పొరలోనే ఉంటాయి.

మెరుగు పెట్టడమంటే ఏమిటి? గీతను పూడ్చడం కాదు. గీత అడుగు వరకు చుట్టూ ఉన్న పొరను అరగదీయడం. అప్పుడు కూడా గీతలు పూర్తిగా పోవు. పెద్ద గీతల చోట కంటికి అందనంత చిన్న గీతలు మిగులుతాయి. గాజు మెరుగును గురించి న్యూటన్ 1704లో వెలువడిన ‘ఆప్టిక్స్’ గ్రంథంలో ఇదే విషయం చెప్పాడు. దృశ్యకాంతి తరంగదైర్ఘ్యం సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. గరుకుదనం అంతకంటే బాగా చిన్నదైతే కాంతి చెదరకుండా క్రమ పరావర్తనం చెందుతుంది. మనం దాన్ని నునుపు అంటాం.

కాబట్టి ప్రతి పాలిష్‌కూ ఆ అరకాగితంలో నుంచి కొంత ఖర్చవుతుంది. తేలికగా చేస్తే ఒకటి రెండు మైక్రాన్లు, గట్టిగా చేస్తే ఇంకా ఎక్కువ. పోయిన మైక్రాను తిరిగి రాదు. వ్యాక్స్ పూస్తే రాదు, ఖరీదైన పాలిష్ వేస్తే రాదు, మళ్లీ రంగు వేయించాల్సిందే. యంత్రం కొనేటప్పుడు ధర కన్నా ముందు గుర్తుండవలసినది ఈ లెక్క.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా తమ్ముడు పాత నల్ల కారు ఒకటి కొన్నాడు. దానికి మెరుగు పెడతానని నేనే పూనుకున్నాను. అద్దెకు దొరికింది కదా అని ఒక రోటరీ యంత్రం తెచ్చాను. బానెట్ మీద పని అద్భుతంగా సాగింది. పదిమంది చుట్టూ చేరేసరికి నాకు కొంచెం ఉత్సాహం కూడా పెరిగింది. తలుపు మధ్యలో పొడుగునా ఒక మడత ఉంటుంది చూడండి, ఆ అంచు మీదికి ప్యాడ్ వెళ్లింది. రెండు సెకన్లు పట్టిందేమో. తెల్లగా ఉండవలసిన ప్యాడ్ నల్లబడింది, తలుపు మీద రూపాయి బిళ్లంత మేర బూడిదరంగు ప్రైమర్ బయటపడింది. ఘర్షణ పాఠం ఇరవై ఏళ్లుగా చెబుతున్న మనిషిని నేను! ఆ తలుపుకు మొత్తం రంగు వేయించినా, పక్క తలుపు నలుపుతో అది కలవలేదు. కారు అమ్మేవరకూ మా తమ్ముడు ఆ తలుపును గోడవైపు ఉంచే కారు నిలిపేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఆ రెండు సెకన్లలో ఏం జరిగిందో లెక్క వేద్దాం. రోటరీ యంత్రం మన తిరగలి వంటిది. ప్యాడ్ ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ప్యాడ్ వ్యాసం 150 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 2000 చుట్లు అనుకోండి. చుట్టుకొలత 0.47 మీటర్లు, సెకనుకు 33 చుట్లు. అంచు వేగం సెకనుకు సుమారు 15.7 మీటర్లు, అంటే గంటకు 56 కిలోమీటర్లు. కేంద్రం దగ్గర వేగం సున్న, అంచు దగ్గర ఇంత. చెయ్యి కొంచెం వాలితే ప్యాడ్ మొత్తం ఆనదు, వేగం అత్యధికంగా ఉన్న అంచే ఆనుతుంది. మన నొక్కుడు బలమంతా ఆ కొద్ది వైశాల్యం మీద పడి పీడనం పెరుగుతుంది. ఘర్షణ వల్ల సెకనుకు పుట్టే ఉష్ణం ఘర్షణ బలాన్ని వేగంతో గుణిస్తే వస్తుంది. ఇక్కడ రెండూ ఎక్కువే. పైగా మడతల మీద, అంచుల మీద రంగు పలచగా ఉంటుంది. నా తలుపు కథ అంతే.

ప్లాస్టిక్ బంపర్ మీద ఇది ఇంకా ప్రమాదం. ఉక్కు ఉష్ణవాహకత సుమారు 50 ఉంటే, బంపర్లకు వాడే పాలీప్రొపిలీన్‌ది 0.2 ప్రాంతం, అవే ప్రమాణాలలో. ఉక్కు రేకు మీద పుట్టిన వేడి నలువైపులా పారిపోతుంది. బంపర్ మీద పుట్టిన వేడి పుట్టినచోటే కూర్చుంటుంది.

ఇప్పుడు రెండో రకం. బజారులో దీన్ని డ్యుయల్ యాక్షన్ అనీ, పొట్టిగా డీఏ అనీ అంటారు. అమ్మ పిండి జల్లిస్తుంటే చూడండి. జల్లెడ గుండ్రంగా కదులుతుంది, కాని బొంగరంలా తిరగదు. జల్లెడలోని ప్రతి బిందువూ ఒకే కొలత గల చిన్న వృత్తాన్ని గీస్తుంది. డీఏ యంత్రంలో ప్యాడ్ ఇలాగే ఊగుతుంది. ఎందుకంటే ప్యాడ్ ఇరుసు మోటారు ఇరుసుకు సూటిగా కాక, కొంచెం పక్కకు బిగించి ఉంటుంది. ఆ ఊగుడు వృత్తం వ్యాసం 8 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 4800 సార్లు అనుకుంటే, ఊగుడు వేగం సెకనుకు 2 మీటర్లు. గంటకు 7 కిలోమీటర్లు, అంటే మనం చురుగ్గా నడిచే వేగం! కేంద్రంలోనూ అంతే, అంచులోనూ అంతే. దీనికి తోడు ప్యాడ్ నెమ్మదిగా తనచుట్టూ తాను కూడా తిరుగుతుంది కాబట్టి గీతలు ఒకే దారిలో పడవు.

ఆ తిరుగుడులోనే అసలు కిటుకు ఉంది. ప్యాడ్‌ను మోటారు నేరుగా తిప్పదు. ప్యాడ్ ఒక స్వేచ్ఛగా తిరిగే బేరింగుకు బిగించి ఉంటుంది, ఊగుడు వల్ల దానంతట అదే తిరుగుతుంది. మీరు అతిగా నొక్కినా, ప్యాడ్‌ను వాల్చి అంచు మీద పెట్టినా తిరగడం ఆగిపోతుంది. మోటారు మోగుతూనే ఉంటుంది, ప్యాడ్ ఊగుతూనే ఉంటుంది, కాని కోత దాదాపు లేకుండా పోతుంది. అనుభవజ్ఞులు దీన్ని ఈ యంత్రం బలహీనత అంటారు. వారి పనికి అది బలహీనతే. లోతైన గీతలు తీయడానికి రోటరీ తీసుకునే సమయం కంటే దీనికి చాలా ఎక్కువ పడుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం తప్పు చేసిన క్షణంలో తానే ఆగిపోయే యంత్రం కంటే మేలైనది లేదని నా అభిప్రాయం. ఆ రోజు నా చేతిలో ఇదే ఉంటే తలుపు మడత మీద ప్యాడ్ ఆగిపోయేది, నేను విసుక్కొనేవాణ్ణి, తలుపు మిగిలేది. అలాగని దీనితో రంగు అరగదని కాదు. అంచు మీద పట్టుదలగా నిలబెడితే దీనితోనూ అరుగుతుంది. కాకపోతే తప్పు తెలుసుకోవడానికి మనకు వ్యవధి ఇస్తుంది.

డీఏలోనే గేర్లతో ప్యాడ్‌ను బలవంతంగా తిప్పే రకం ఇంకొకటి ఉంది. అది నొక్కినా ఆగదు. చెయ్యి కుదిరిన తరువాత చూసుకోవచ్చు.

తక్కువ ధరలో మనల్ని ఊరించే వస్తువులు మరి కొన్ని ఉన్నాయి. ఒకటి, ఇంట్లో ఉన్న చిన్న గ్రైండర్‌కు ప్యాడ్ బిగించడం. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల ప్రాంతంలో తిరుగుతుంది. 100 మిల్లీమీటర్ల ప్యాడ్ అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. దాని గురించి ఇంకేం చెప్పనక్కరలేదు. రెండోది, డ్రిల్లింగ్ మెషిన్‌కు తగిలించే ప్యాడ్లు. ఇదీ రోటరీయే. పైగా డ్రిల్లింగ్ మెషిన్ బేరింగులు ముందుకు నెట్టే బలానికి చేసినవి, పక్క బలానికి కాదు. మూడోది, రెండు చేతులతో పట్టుకునే పెద్ద పళ్లెం వంటి వ్యాక్సింగ్ యంత్రం, గుడ్డ తొడుగుతో వస్తుంది. ఇది ప్రమాదం చేయదు, కాని వ్యాక్స్ పులమడానికే తప్ప గీత తీయడానికి పనికిరాదు. ‘పాలిషర్’ అని పెట్టె మీద రాసి ఉంటుంది కాబట్టి చాలామంది ఇక్కడే మోసపోతారు.

స్వేచ్ఛగా తిరిగే డీఏ యంత్రాలు మన దేశంలో నాలుగంకెల ధరలోనే దొరుకుతున్నాయి. దుకాణానికి వెళ్తే పెట్టె మీది వాట్లను చూసి మురిసిపోకండి. అవి యంత్రం కరెంటు నుంచి తీసుకునే సామర్థ్యం, ప్యాడ్‌కు అందించేది కాదు. 600 నుంచి 900 వాట్ల మధ్య ఉంటే మన అవసరానికి చాలు. దానికన్నా చేతితో చూడవలసినవి ఉన్నాయి. ప్లగ్గు పెట్టకుండా ప్యాడ్ పలకను వేలితో తిప్పండి. అది కేంద్రం తప్పి అడుగులేస్తున్నట్లు ఊగాలి, విడిగా తనంతట తానూ తిరగాలి. నిక్కచ్చిగా ఒకే కేంద్రం మీద తిరిగితే అది రోటరీ, అమ్మేవారు ఏ పేరు చెప్పినా సరే. పలకను పైకీ కిందికీ లాగి చూడండి, బేరింగులో లొడలొడ ఉండకూడదు. పలక 125 మిల్లీమీటర్లదైతే మంచిది. ప్యాడ్లు సులువుగా దొరుకుతాయి, చిన్న ప్యాడ్‌ను తిప్పడం యంత్రానికీ తేలిక. ఊగుడు వ్యాసం 8 చాలు. 15 అయితే విశాలమైన బానెట్ మీద పని త్వరగా అవుతుంది గాని ఇరుకు చోట్ల కుదుపు ఎక్కువ.

తరువాత యంత్రాన్ని ఆన్ చేయించి, పని చేయిస్తూ రెండు నిమిషాలు పట్టుకోండి. చౌక యంత్రాల్లో నిజంగా తగ్గేది ఇక్కడే. పక్కకు ఊగే ప్యాడ్ బరువును సరితూచడానికి లోపల ఎదురుబరువు ఒకటి ఉంటుంది. అది సరిగా లేకపోతే కంపనం అంతా మన మణికట్టుకు చేరుతుంది. రెండు నిమిషాలకే వేళ్లు తిమ్మిరెక్కితే, ఒక కారుకు పట్టే నాలుగైదు గంటలు ఎలా పట్టుకుంటారు? అదే కారణంగా, ఆ యంత్రానికి చెప్పిన కొలతకు మించిన పలక బిగించకూడదు. వేగం నియంత్రించే చక్రం కనిష్ఠం దగ్గర మెల్లగా మొదలవ్వాలి, ఒక్కసారిగా ఎగిరిపడితే కాంపౌండ్ గోడల మీదికి చిమ్ముతుంది. కార్బన్ బ్రష్షులు విడిగా దొరుకుతాయా అని అడగండి. ఆ ప్రశ్నకు దుకాణదారు ముఖం చిట్లిస్తే ఇంకో దుకాణం చూసుకోవచ్చు.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బావగారో అక్కడ చవకగా వచ్చిందని ఒక యంత్రం తెచ్చి ఇవ్వవచ్చు. మన తెలుగు ఇళ్లల్లో ఇది మామూలే. సంతోషంగా తీసుకోండి, కాని ప్లగ్గు మార్చి గోడకు పెట్టకండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నిరోధం మారకపోతే సామర్థ్యం వోల్టేజి వర్గంతో పెరుగుతుందని మీరు చదువుకున్నారు. 230ని 120తో భాగించి వర్గం చేస్తే 3.7 దాకా వస్తుంది. మోటారులో లెక్క ఇంత సూటిగా ఉండదు గాని, పొగ రావడానికి అది చాలు. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొనవచ్చు. యంత్రం వాట్లకు సరిపడేది కొంటే దాని బరువూ ఖర్చూ చూసి, ఇక్కడే ఒకటి కొనుక్కుంటే పోయేదనిపిస్తుంది.

కొన్న యంత్రాన్ని నేరుగా కారు మీద పెట్టకండి. దగ్గరలోని టింకరింగ్ షెడ్డులో సొట్టపోయిన పాత తలుపో బానెటో అడగండి. పాత ఇనుము ధరకు ఇస్తారు. దాన్ని కడిగి, ఆరబెట్టి, మధ్యలో మాస్కింగ్ టేపు అంటించి రెండు సగాలు చేయండి. మొదట మెత్తని ఫోమ్ ప్యాడ్, సన్నరకం పాలిష్. దానితో గీత పోకపోతేనే గట్టి ప్యాడ్, గరుకు కాంపౌండ్. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. గోరు అడ్డంగా లాగితే పట్టుకునేంత లోతు గీతలను వదిలేయండి, వాటిని తీయాలంటే క్లియర్ కోట్‌లో చాలాభాగం పోతుంది. పాత ఇంటిరంగు కార్లయితే ముందుగా మారుమూల ఒకచోట చేత్తో రుద్ది చూడండి. గుడ్డకు కారు రంగే అంటితే దాని మీద క్లియర్ కోట్ లేదని అర్థం.

ప్యాడ్ పలక అంచు మీద స్కెచ్‌పెన్నుతో ఒక గీత గీసుకోండి. పని చేస్తుండగా ఆ గీత తిరుగుతూ కనిపించాలి. ఆగిపోతే ఎక్కువ నొక్కుతున్నారనో, ప్యాడ్ వాలిందనో తెలుస్తుంది. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు ఉండాలి. వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోండి. మడతల మీద, అంచుల మీద టేపు అంటించి ఉంచండి. రెండడుగుల చదరాన్ని ఒకసారి పూర్తి చేసి, అరచేతి వెనకభాగం ఆనించి చూడండి. చెయ్యి నిలపలేనంత వేడి ఉంటే కాసేపు ఆగాలి.

ఒక సగం పూర్తయ్యాక వెంటనే టార్చి వేసి సంబరపడకండి. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి వాటిని దాస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్లతో పలచన చేసి, మెత్తటి గుడ్డతో ఆ భాగాన్ని తుడవండి. అప్పుడు టేపు తీసి, రెండు సగాల మీదా టార్చి వెలుగు ఒకే కోణంలో పడేటట్లు పట్టుకోండి. చేయని సగంలో సాలెగూడు ఉండి, చేసిన సగంలో ఒక్క దీపమే కనిపిస్తే గీతలు పోయినట్లు. రెండింటిలోనూ గూడు ఉంటే మీరు ఇంతవరకు నూనె మాత్రమే పూశారు. ఇంకో విడత చేయాలి.